కరిగే స్క్రూలను ఏ ద్రవంలో పరీక్షించారో ప్రకటించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపూర్ ప్రాంతాల్లో తాటిచెట్టు మీంచి పడో, ఘాట్ రోడ్డులో బండి జారో కాలు విరిగినవారు బరంపురమో విశాఖపట్నమో వెళ్లి స్టీలు ప్లేటు వేయించుకుని వస్తారు. ఎముక అతికాక దాన్ని తీయించాలంటే మళ్లీ ఆపరేషను, మళ్లీ అప్పు కనుక, నొప్పి ఓర్చుకుంటూ లోపలే ఉంచుకునేవారున్నారు. ఒంట్లోనే క్రమంగా కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలు ఇలాంటివారికి నిజంగా మేలు చేయగలవు. జర్మనీలో తయారైన అటువంటి స్క్రూకు 2013లోనే ఐరోపా అనుమతి లభించింది. అయితే అవి మన ప్రభుత్వ ఆసుపత్రులకు చేరేలోపు తుప్పు పరీక్షల సంగతి ప్రజలకు తెలియాలి.

మెగ్నీషియం శరీర ద్రవాల్లో కరుగుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. ఒక గ్రాముకు దాదాపు లీటరు వాయువు వస్తుంది. నెమ్మదిగా వస్తే శరీరం తట్టుకుంటుంది. తొందరగా వస్తే చర్మం కింద బుడగలు కడుతుంది, ఎముక అతకకముందే పట్టు పోతుంది. 1907లో బెల్జియం శస్త్రవైద్యుడు లాంబోట్ బంగారు పూత ఉన్న ఉక్కు మేకులతో బిగించిన మెగ్నీషియం ప్లేటు ఎనిమిది రోజులకే శిథిలమైంది. రెండు లోహాలు తాకి ఉన్నచోట మెగ్నీషియమే ముందు హరించుకుపోతుంది.

ఇప్పుడు లోహాన్ని 37 డిగ్రీల ద్రవంలో ముంచి, తగ్గిన బరువునూ వెలువడిన వాయువునూ కొలిచి, ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు కరుగుతుందని లెక్క కడతారు. వట్టి ఉప్పునీటిలో వచ్చిన అంకె, శరీరంలో ఉన్నట్టే బైకార్బొనేటు, ఫాస్ఫేటు, ప్రొటీన్లు కలిసిన ద్రవంలో రాదు. ద్రవం కొద్దిగా పోసి మార్చకుండా వదిలేస్తే అది క్షారంగా మారి, లోహంపై హైడ్రాక్సైడు పొర నిలిచి, తుప్పు మందగించినట్టు కనిపిస్తుంది. రక్తం ఆడుతున్న శరీరంలో పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిల కొలత) 7.4 దరిదాపుల్లోనే ఉంటుంది, అంత క్షారంగా మారదు. పైగా సగటు అంకె చూస్తే ఒకేచోట లోతుగా పడిన గుంట కనబడదు, పదేపదే బరువు పడే ఎముకలో స్క్రూ పగిలేది అక్కడే.

కనుక వీటిని కొనే అధికారులు ఏ ద్రవంలో, ఎన్నాళ్లు, బరువు పెట్టి పరీక్షించారో లేదో టెండరు పత్రాల్లోనే ప్రకటింపజేయాలి. రోగికిచ్చే డిశ్చార్జి కాగితంలో లోహం పేరు, బ్యాచ్ నంబరు తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి. ఎక్స్‌రేలో ఈ స్క్రూ చుట్టూ వాయువు వల్ల కనిపించే నల్లని నీడను చీము పట్టిందని పొరబడే ప్రమాదముంది. ఆపరేషను ఒక రాష్ట్రంలో, తర్వాతి ఎక్స్‌రే మరో రాష్ట్రంలో జరిగే మా సరిహద్దు జిల్లాల్లో ఆ కాగితం లేకపోతే, అక్కర్లేని రెండో కోత పడుతుంది.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా