సిమ్‌కు కట్టేస్తే మోసం ఆగదు: కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రి శ్రీ జ్యోతిరాదిత్య సింధియా గారికి,

నమస్కారం. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై వంటి మెసేజింగ్ యాప్‌లకు మీ టెలికమ్యూనికేషన్ల విభాగం 2025 నవంబరు 28న ఇచ్చిన ఆదేశాలను పునఃపరిశీలించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఏ సిమ్‌తో ఖాతా తెరిచారో ఆ సిమ్ ఫోనులో ఉన్నంతవరకే యాప్ పనిచేయాలనీ, కంప్యూటరులో తెరిచిన ఖాతా ఆరు గంటలు దాటకుండా దానంతటదే మూతపడాలనీ, మళ్లీ తెరవాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలనీ వాటి సారాంశం. 2024 ఒక్క ఏడాదిలోనే సైబర్ మోసాల వల్ల రూ. 22,800 కోట్లకు పైగా నష్టం జరిగిందని ప్రభుత్వమే చెప్పింది. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్టు పేరుతో విశ్రాంత ఉద్యోగుల జీవితకాలపు పొదుపును ఊడ్చేస్తుంటే చూస్తూ ఊరుకోమని ఎవరూ అడగరు. కానీ ఈ ఆదేశాల భారం మోసగాడి కంటే ఎక్కువగా వలస కూలీ మీద పడుతుందన్నదే నా ఆందోళన.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి సంగతి చూడండి. అక్కడ తీసుకున్న సిమ్ అక్కడి గుర్తింపు కార్డు మీద ఉంటుంది కాబట్టి వీసా ముగిసి తిరిగివచ్చిన రోజున ఆ నంబరూ పోతుంది. ఇంటివాళ్లకూ, ఊరి గ్రూపుకూ, బ్యాంకుకూ తెలిసిన శాశ్వతమైన నంబరు ఇక్కడిదే. అందుకే చాలామంది ఇక్కడి నంబరు మీద వాట్సాప్ నడుపుకుంటూ, ఫోనులో అక్కడి సిమ్ వేసుకుంటారు. బ్యాంకు ఓటీపీలు ఇంట్లో అందేలా ఇక్కడి సిమ్‌ను భార్య ఫోనులోనో తండ్రి ఫోనులోనో ఉంచి వెళ్లినవారూ ఉన్నారు. సిమ్ ఫోనులోనే ఉండి రోమింగులో ఉన్నవారికి ఇబ్బంది లేదని మీ శాఖ వివరణ ఇచ్చింది. సిమ్ ఇంట్లో వదిలి వెళ్లిన వారికి ఆ వివరణ ఏమాత్రం ఊరటనివ్వదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేనందున, చదువు అంతగా రాని కార్మికుడికి వాయిస్ మెసేజీయే ఇంటితో ఉన్న బంధం. అది తెగితే నష్టపోయేది అతనూ, అతని పిల్లలూ.

మోసగాడి వైపు నుంచి కూడా ఆలోచించండి. ఉద్యోగాల పేరుతో మన యువకులను కంబోడియాకు తరలించి, వారి చేత బలవంతంగా సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాల గుట్టును 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. మనుషులనే సరిహద్దులు దాటించగలవారికి పేదల పేరిట తీసుకున్న సిమ్ కార్డులను దాటించడం కష్టమా? సిమ్ ఫోనులో ఉండాలంటే వారు సిమ్‌తో పాటే ఫోను పెడతారు. అడ్డుకట్ట వేయాల్సింది బినామీ సిమ్‌ల అమ్మకం దగ్గర, ఆ అధికారం ఇప్పటికే మీ శాఖ చేతిలో ఉంది.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఆరు గంటల నిబంధన. ఇంతవరకు వాట్సాప్‌లో అసలు ఫోనును 14 రోజులు వాడకపోతేనే దానికి జతచేసిన కంప్యూటరులో ఖాతా మూతపడేది. జిరాక్సు, డీటీపీ సెంటర్లు, ఆడిటర్లు, న్యాయవాదుల గుమాస్తాలు, చివరికి ప్రభుత్వ కార్యాలయాల్లోని సిబ్బంది కూడా కాగితాలు తెప్పించుకునేది ఈ కంప్యూటరు ఖాతాలోనే. వారి శ్రమ సంగతి అలా ఉంచినా, రోజుకు రెండుమూడు సార్లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించడమంటే, ఏ కోడ్ కనిపించినా ఆలోచించకుండా స్కాన్ చేసే అలవాటును కోట్ల మందికి నేర్పించడమే. రష్యాకు అనుకూలమైన హ్యాకర్లు నకిలీ క్యూఆర్ కోడ్‌లతో సిగ్నల్ ఖాతాలను తమ పరికరాలకు జతచేసుకుంటున్నారని గూగుల్ పరిశోధకులు 2025 ఫిబ్రవరిలో హెచ్చరించారు. అక్కడ ఎన్‌క్రిప్షన్‌ను, అంటే పంపినవారూ అందుకున్నవారూ తప్ప మరెవరూ చదవలేకుండా సందేశాన్ని సంకేతాలుగా మార్చే రక్షణను, ఎవరూ ఛేదించలేదు. ఖాతాదారుడి చేతనే తలుపు తీయించారు. మీ నిబంధన అటువంటి దాడికి దారి సుగమం చేస్తుంది.

ఎన్‌క్రిప్షన్ గురించి కూడా చెప్పాలి. సిమ్ ముడి ఎన్‌క్రిప్షన్‌ను నేరుగా దెబ్బతీయదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. కానీ వాడుకరిని కాపాడే ఏర్పాట్లను యాప్‌లు సెట్టింగుల అడుగున దాచిపెడుతుంటే ఏ శాఖా వాటిని నిలదీయడం లేదు. వాట్సాప్ సందేశాలు 2016 నుంచి పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అవుతున్నా, ఫోను పోయినా దొరికేలా వాటిని ఆన్‌లైన్‌లో దాచే నకలుకు (బ్యాకప్) ఆ రక్షణ 2021లో గాని రాలేదు, అది కూడా వాడుకరి వెతుక్కుని ఆన్ చేసుకుంటేనే. ఖాతా చోరీని అడ్డుకునే ఆరంకెల పిన్ 2017 నుంచి ఉన్నా అదీ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లకూ గ్రూపులకూ పూర్తి ఎన్‌క్రిప్షన్ లేనే లేదు, ఇద్దరి మధ్య సాగే సీక్రెట్ చాట్‌కే అది పరిమితం. వాట్సాప్‌లో అపార్టుమెంటు గ్రూపులోనో, బడి గ్రూపులోనో చేరిన మహిళ ఫోను నంబరు ముక్కూమొహం తెలియని సభ్యులందరికీ కనిపిస్తుంది. నంబరే మనిషికి గుర్తింపుగా యాప్‌లను తయారుచేయడమే ఇక్కడి మూలలోపం. మీ ఆదేశాలు ఆ లోపాన్ని సరిదిద్దకపోగా దాన్నే చట్టంగా మారుస్తున్నాయి.

అందువల్ల కంప్యూటరు ఖాతాలపై ఆరు గంటల గడువును ఉపసంహరించాలని కోరుతున్నాను. దానికి బదులు, కొత్త పరికరం జతకాగానే ఫోను తెరమీద వాడుకరి భాషలో, మూసేయడానికి వీల్లేనంత స్పష్టంగా హెచ్చరిక కనిపించాలని యాప్‌లను ఆదేశించవచ్చు. పిన్‌ను ఖాతా తెరిచేటప్పుడే పెట్టించవచ్చు. రద్దయిన నంబరు మరొకరికి వెళ్లినప్పుడు తలెత్తే చిక్కులకు కూడా మార్గం మీ దగ్గరే ఉంది: రద్దయిన నంబర్ల జాబితాను వాడుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సూచించింది, మెసేజింగ్ యాప్‌లకూ అదే వర్తింపజేయండి. ఇక విదేశాల్లో ఉన్న కార్మికులకూ విద్యార్థులకూ సిమ్ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చి, ఏదైనా మార్పు చేసేముందు గల్ఫ్ కార్మిక సంఘాలను, ప్రవాసుల కుటుంబాలను పిలిచి వారి మాట వినాలని మనవి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు పౌరుడు