పాఠం దాటేస్తే పిల్లలకే నష్టం

సంపాదకులకు నమస్కారం.

బడిలో లైంగిక విషయాలు మాట్లాడకుండా కట్టడి చేయాలని పేరెంట్స్ మీటింగుల్లో కొందరు గట్టిగా అడుగుతున్నారు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచరుగా వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ వాళ్లు కోరే కట్టడి మన బళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఎనిమిదో తరగతిలో కౌమార దశ, పదిలో ప్రత్యుత్పత్తి పాఠాలున్నాయి. చాలాచోట్ల బొమ్మలు గీయించి, భాగాలు గుర్తించమని చెప్పి, మిగతాది ఇంటి దగ్గర చదువుకోండి అంటారు. నెలసరి గురించి చెప్పాల్సి వస్తే మగపిల్లలను గ్రౌండుకు పంపేస్తారు. ఇక వాళ్లకు చెప్పేది సెల్‌ఫోనే.

ఆడపిల్ల పెద్దమనిషైతే ఫ్లెక్సీలు కట్టి, ఊరందరినీ పిలిచి శారీ ఫంక్షన్ చేస్తాం. తన ఒంట్లో ఏం మారిందో, ఎందుకు మారిందో ఆ పిల్లకు కూర్చోబెట్టి చెప్పే ఇళ్లు ఎన్ని?

కేంద్రం తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు ఆపేశాయి. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దంది. అప్పటికి మన పల్లెల్లో పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టమూ ఇంకా రాలేదు.

ఆ చట్టం గురించి పిల్లలకు చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తోంది. 18 ఏళ్లు నిండని అమ్మాయి "ఇష్టపడే వెళ్లాను" అన్నా చట్టం ముందు ఆ ఇష్టం చెల్లదు. ప్రేమించానని పదిహేడేళ్ల అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లిన కుర్రాడి మీద పోక్సో కేసు పడొచ్చు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కేదాకా ఆ సంగతి వాడికీ తెలియదు, కూలికి పోయే వాడి అమ్మానాన్నలకూ తెలియదు. చిన్నపిల్లల మీద చెయ్యేసినవాడు మేనమామైనా, ట్యూషన్ సారైనా శిక్షించేది ఈ చట్టమే. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. కానీ ఒంటి భాగాల పేర్లు పలకడమే తప్పని పెంచిన పిల్ల జరిగింది ఏ మాటలతో చెప్పుకుంటుంది? పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉన్నా, ఫోనెత్తి ఏం చెప్పాలో తెలియాలి కదా.

ఇంకో మాట. నడక వేరుగా ఉందని, గొంతు సన్నగా ఉందని ఒక అబ్బాయిని క్లాసంతా ఏడిపిస్తుంటే చూసీ చూడనట్టు పోయే సార్లున్నారు. స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. నిజాం కాలంలో హిజ్రాలపై పెట్టిన చట్టాన్ని 2023లో మన తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. క్లాసులో ఆ ఊసే ఎత్తొద్దంటే ఆ పిల్లవాడి తరఫున మాట్లాడేదెవరు?

తల్లిదండ్రులు అడిగేదాంట్లో న్యాయమైనది ఒకటుంది. ఏ తరగతికి ఏది చెబుతారో వాళ్లకు ముందే చూపించాలి. బయటివాళ్లెవరో వచ్చి గంటసేపు ప్రసంగించి వెళ్లడం నాకూ నచ్చదు. 2020లో మొదలైన స్కూల్ హెల్త్ కార్యక్రమం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడిలో ఇద్దరు టీచర్లకు ఈ విషయాల్లో శిక్షణ ఇవ్వాలి. వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఏయే బళ్లలో ఆ శిక్షణ పూర్తయిందో, క్లాసులు జరుగుతున్నాయో లేదో డీఈఓలు బయటపెట్టాలి. నెలసరి గురించి చెప్పే రోజు మగపిల్లలను బయటికి పంపకూడదని హెడ్‌మాస్టర్లకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ