రెండో సౌండ్ కార్డు కొనే ముందు ఒక మాట

మా షాపు కస్టమర్లందరికీ నమస్కారం. ఇంట్లో కంప్యూటర్‌కి ఇంకో సౌండ్ కార్డు పెట్టి, రెండూ కలిపి వాడుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వాడుకోవచ్చు. కానీ ఎందుకోసం అన్నది తెలియకుండా ఇకపై మేం రెండో కార్డు అమ్మదలచుకోలేదు. కారణం చెబుతాం.

వినడానికే అయితే ఏ ఇబ్బందీ లేదు. స్పీకర్లలో పాటలు, హెడ్‌ఫోన్లలో పిల్లల క్లాసు ఒకేసారి నడపొచ్చు. ఏ ప్రోగ్రామ్ సౌండ్ ఎటు వెళ్లాలో విడివిడిగా ఎంచుకునే సదుపాయం విండోస్ 10 సెట్టింగ్స్‌లోకి 2018లోనే వచ్చేసింది. పైగా చాలామందికి కొత్తగా కొనాల్సిన పనే ఉండదు. మదర్‌బోర్డు మీద ఒకటి ఎలాగూ ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్‌కో టీవీకో వెళ్లే సౌండ్‌ని కంప్యూటర్ ఇంకో కార్డుగానే లెక్కేస్తుంది. రియల్‌టెక్ చిప్ ఉన్న చాలా బోర్డుల్లో ముందు జాక్‌కి ఒకటి, వెనక జాక్‌కి ఇంకొకటి పంపే ఆప్షన్ కూడా ఉంటుంది. సీపీయూ తీసుకొస్తే చూసి సెట్ చేసిస్తాం, దానికి డబ్బులు తీసుకోం.

చిక్కంతా రికార్డింగ్‌తోనే. రెండు మైకుల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులు పెట్టుకునే, బయట ఉండే సౌండ్ కార్డు) ఉన్నవాళ్లు అలాంటిదే ఇంకొకటి కొంటే నాలుగు మైకులు అవుతాయి కదా అనుకుంటారు. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఒకసారికి ఒకే ఏసియో డ్రైవర్‌ని, అంటే కార్డుని సాఫ్ట్‌వేర్‌కి కలిపే ప్రోగ్రామ్‌ని, తీసుకుంటాయి. ఏసియో4ఆల్ లాంటి డ్రైవర్లతో రెండింటినీ ఒకటిగా చూపించవచ్చు, అయినా అసలు సమస్య అలాగే ఉంటుంది. ప్రతి కార్డుకీ సొంత క్లాక్, అంటే సమయం లెక్కపెట్టే క్రిస్టల్ ఉంటుంది. సెకనుకి 48,000 శాంపిళ్లు (సౌండ్‌ని అన్నిసార్లు కొలుస్తుందని) అని రెండింటి మీదా రాసి ఉన్నా, ఎవరి లెక్క వాళ్లది. రెండింటి మధ్య పది లక్షలకి 20 వంతుల తేడా ఉందనుకోండి, సెకనుకి దాదాపు ఒక శాంపిల్ చొప్పున ఒకటి వెనకబడుతుంది. నాలుగు నిమిషాల పాటలో అది 5 మిల్లీసెకన్లు కూడా కాదు, చెవికి తెలియదు. గంటసేపు భజన రికార్డు చేస్తే 72 మిల్లీసెకన్లు అవుతుంది. గాత్రం ఒక కార్డులో, తబలా ఇంకో కార్డులో పెడితే చివరికొచ్చేసరికి దెబ్బ తాళం మీద పడదు. ట్రాక్‌ని మొత్తంగా జరిపితే మొదలు సరిపోతుంది, చివర సరిపోదు. మధ్యమధ్యలో టప్ టప్‌మనే శబ్దాలు కూడా రావచ్చు. అంత కష్టపడి పాడినవాళ్ల రికార్డింగ్ ఇలా పాడైపోవడం మాకు ఇష్టం లేదు.

మ్యాక్ వాళ్లకి కొంత నయం. మ్యాక్‌లోనే ఉండే ఆడియో మిడి సెటప్ ప్రోగ్రామ్‌లో రెండింటినీ ఒకే డివైస్‌గా కలిపి, డ్రిఫ్ట్ కరెక్షన్ ఆన్ చేస్తే అది ఈ తేడాని సర్దుతూ పోతుంది.

అందుకే నలుగురు కలిసి రికార్డు చేసేవాళ్లకి ఇకపై రెండో చిన్న ఇంటర్‌ఫేస్ ఇవ్వం, నాలుగు లేదా ఎనిమిది మైకులు పట్టేది ఒక్కటే చూపిస్తాం. ధర ఎక్కువే. మీ పాతది పరీక్షించి ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటాం. మీ ఇంటర్‌ఫేస్‌కి ఏడాట్ ఆప్టికల్ ఇన్‌పుట్ (ఒకే కేబుల్‌లో ఎనిమిది మైకుల సౌండ్ తీసుకునే జాక్) ఉంటే ఇంకా మంచిది. ఎనిమిది మైకుల ప్రీయాంప్‌ని (మైకు సౌండ్‌ని పెంచే పెట్టె) ఒక్క కేబుల్‌తో కలిపి, రెండూ ఒకే క్లాక్ మీద నడిచేలా పెట్టుకోవచ్చు. అంత ఖర్చు కుదరదంటే మైకులన్నిటినీ కలిపి పంపే చిన్న మిక్సర్ ఉంది, మీ దగ్గరున్న ఇంటర్‌ఫేస్‌తోనే పని జరుగుతుంది. కాకపోతే రికార్డు అయ్యాక ఒక్కొక్కరి గొంతు విడిగా సరిచేసుకోవడం కుదరదు, ముందే బ్యాలెన్స్ చూసుకోవాలి.

ఈ పద్ధతి వల్ల చిన్న ఇంటర్‌ఫేస్‌ల అమ్మకం తగ్గుతుందని తెలుసు. తెలిసే పెట్టుకున్నాం. ఇప్పటికే మా దగ్గర రెండోది కొని, రికార్డింగ్‌లో ఈ ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉంటే బిల్లుతో రండి, మార్చి ఇస్తాం.

వచ్చేటప్పుడు ఎన్ని మైకులు కావాలో, ఒక్కో రికార్డింగ్ ఎంతసేపు ఉంటుందో చెప్పండి. కంప్యూటర్ వెనక జాకులు కనిపించేలా ఫోన్‌లో ఒక ఫొటో తీసుకొస్తే చాలు.