నాకు చేసిన వైద్యం నీకు అక్కర్లేదు

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి లావణ్యకు నాన్న ఆశీస్సులు.

నీ స్కానింగ్ రిపోర్టు చూశాను. ఎడమ కిడ్నీలో సింపుల్ సిస్ట్, అంటే మామూలు నీటి బుడగ, 2 సెంటీమీటర్లు. "నీలాగే నాకూ వచ్చింది నాన్నా, నేనూ తీయించేసుకుంటా" అని రాత్రి ఫోన్లో ఒకటే ఏడుపు. నీ కంగారులో నేను చెప్పేది వినిపించుకోలేదు, అందుకే రాస్తున్నాను. నిదానంగా చదువు తల్లీ.

నాది 9 సెంటీమీటర్లు. స్కూటరు గుంటలో పడితే చాలు, కుడి డొక్క పీకేసేది. అయినా కొత్తపేటలో చూసిన యూరాలజిస్టు, సైజును బట్టి కాదు, బాధను బట్టే వైద్యం అన్నారు. నొప్పి, మూత్రం దిగడానికి అడ్డు, ఇన్ఫెక్షన్ లాంటివేవీ లేకపోతే దాని జోలికే వెళ్లరట.

నాకేం చేశారో చెప్తా విను. బోర్లా పడుకోబెట్టి, వీపు మీద మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్ తెర మీద చూసుకుంటూ సూది దించారు. నాకు మెలకువగానే ఉంది. సన్నటి గొట్టం పెట్టి సిరంజి తర్వాత సిరంజిగా లాగుతుంటే ఎండుగడ్డి రంగు నీళ్లు వచ్చాయి. కొంచెం పరీక్షకు పంపారు. నీరు తీసి వదిలేస్తే చాలామందికి మళ్లీ నిండుతుంది. ఆ నీటిని ఊరించేది బుడగ లోపలి పొర కదా, దాన్ని చంపాలి. అందుకని ముందు ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి, మూత్రం దారిలోకి కారడం లేదని తేల్చుకున్నాకే 95 శాతం ఆల్కహాల్ పోశారు. పొరంతా తడవాలని నన్ను అటూ ఇటూ దొర్లించారు. కాసేపయ్యాక దాన్నీ లాగేశారు. పోసినప్పుడు మండింది, నీ దగ్గర దాచడమెందుకు. బుడగ పూర్తిగా ముడుచుకోవడానికి నెలలు పడుతుంది.

అది పనిచేయకపోతే ల్యాప్రోస్కోపీ ఉంది. చిన్న రంధ్రాల్లోంచి వెళ్లి బుడగ పైభాగం కత్తిరించేస్తారు. మళ్లీ రావడం తక్కువే గానీ పూర్తి మత్తు ఇవ్వాలి. అందుకే ముందు సూదితోనే కానిద్దామన్నాను.

ఇప్పుడు నీ సంగతి. నీకు నొప్పి లేదు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో అనుకోకుండా బయటపడింది. గోడ పల్చగా ఉంది, లోపల అడ్డుగోడలు లేవు, నీరు తేటగా ఉంది అని రిపోర్టే చెబుతోంది. 1986లో బోస్నియాక్ అనే రేడియాలజిస్టు కిడ్నీ సిస్టులను వర్గాలుగా విడదీశారు. ఇలాంటివి అందులో మొదటి వర్గం, క్యాన్సర్ భయం లేనివి. గోడ మందంగా ఉన్నా, లోపల గడ్డలాంటిది కనబడినా అనుమానిస్తారు. లేని బాధకు సూది గుచ్చించుకుని రక్తస్రావమో ఇన్ఫెక్షనో తెచ్చుకోవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నా నుంచి వచ్చిందనీ అనుకోకు. వంశంలో వచ్చేది పాలిసిస్టిక్ జబ్బు. అందులో రెండు కిడ్నీలూ బుడగలతో నిండిపోతాయి. మనిద్దరికీ ఉన్నది ఒక్కొక్కటే. కాకపోతే ఇవి 50 దాటాక మామూలు, నీ వయసులో తక్కువ. కాబట్టి శనివారం రిపోర్టు తీసుకుని ఒక్కసారి యూరాలజిస్టుకు చూపించు. రెండో కిడ్నీ గురించి కూడా అడుగు, బీపీ చూపించుకో.

పెద్దత్త కొండపిండాకు కషాయం తాగమని చెప్తుంది. అది మనవాళ్లు రాళ్లకని తాగేది. మూసుకుపోయిన సంచిలో నీటిని అదేం చేస్తుంది? ప్రేమతోనే చెప్తుంది, ఎదురు చెప్పకు, తాగనూ వద్దు.

జ్వరంతో డొక్క నొప్పి వచ్చినా, మూత్రంలో రక్తం కనబడినా మాత్రం శనివారం దాకా ఆగకు. అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లు, దారిలోంచి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నాన్న