జానా నొవోత్నా విషయంలో నీతో పేచీ

రాజమహేంద్రవరం,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియ మిత్రునికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించాలి. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, డాబా మరమ్మతు మాత్రం వానలు వెనకబట్టేదాకా ఆగింది. మిగిలిన ఇంటి కబుర్లన్నీ మా ఆవిడ చెల్లెమ్మకు ఫోనులో ఎలాగూ చెప్పే ఉంటుంది కనుక వాటిని ఇంతటితో వదిలేస్తాను. అసలు సంగతి చెప్పేదాకా నాకు మనసు నిలవదు.

పోయిన ఉత్తరంలో వింబుల్డన్ టెన్నిస్ ముచ్చట్ల మధ్య చెక్ క్రీడాకారిణి జానా నొవోత్నా గురించి ఒకే ఒక్క వాక్యం రాశావు: గెలుపు చేతికందే వేళకు గుండె జారిపోయే మనిషి అని. ఆమె పేరెత్తితే లోకమంతా ఆ మాటే అంటుందని నాకు తెలుసు. కానీ నువ్వు కూడా అనడం నాకు కష్టంగా తోచింది. అందుకే 1993 ఫైనల్ రికార్డింగు సంపాదించి, మొదటి సర్వీస్ నుంచి బహుమతి ప్రదానం దాకా మొత్తం చూశాను. మనమిద్దరం ఇన్నేళ్ళూ ఆ మ్యాచ్ గురించి వాదించుకున్నది చివరి అయిదు గేములను పట్టుకునే తప్ప, దానికి ముందు ఏం జరిగిందో మనలో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు.

ఏం జరిగిందో విను. క్వార్టర్ ఫైనల్లో సబాటినిని, సెమీ ఫైనల్లో తొమ్మిది సార్లు అక్కడ సింగిల్స్ గెలిచిన నవ్రతిలోవాను వరుస సెట్లలో ఓడించి నొవోత్నా ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా స్టెఫీ గ్రాఫ్, అప్పటికి ముందు రెండేళ్ళూ అక్కడ విజేత. మొదటి సెట్ 6-6తో సమమై, దాన్ని తేల్చే టై-బ్రేక్‌లో 8-6 తేడాతో పోయింది. అలాంటి సెట్ చేజారితే ఎవరైనా నీరుగారిపోతారు, కానీ ఈమె రెండో సెట్‌ను 6-1తో గెలుచుకుంది. గ్రాఫ్ మీద, వింబుల్డన్ ఫైనల్లో, 6-1! సర్వీస్ కొట్టిన మరుక్షణం నెట్ మీదికి దూసుకురావడం, బంతిని గ్రాఫ్ బ్యాక్‌హ్యాండ్ వైపే పంపడం, అటునుంచి కోసినట్టు కొట్టిన స్లైస్ తక్కువ ఎత్తులో వస్తే మోకాళ్ళు వంచి, నేలను తాకకముందే దాన్ని వాలీగా ఖాళీ మూలకు నెట్టడం, ఇదే వరస. ఆ కాలపు పచ్చిక కోర్టులో బంతి పెద్దగా లేవదు కనుక ఈ ఆటకు తెగింపు ఎంత కావాలో, మణికట్టు మీద అదుపు కూడా అంతే కావాలి. మూడో సెట్లోనూ అదే ఊపు సాగి 4-1 దాకా వచ్చింది. ఆపైన తన సర్వీస్‌లో 40-30. ఆ ఒక్క పాయింటు వస్తే 5-1.

అక్కడే ఆ డబుల్ ఫాల్ట్, రెండు సర్వీసులూ తప్పి పాయింటు పోవడం. రెండో సర్వీస్ గీత దాటి దూరంగా పడింది. ఆ గేమ్ పోయింది. తరువాత 4-3 దగ్గర మళ్ళీ తన సర్వీస్‌లో మూడు డబుల్ ఫాల్టులు. వరుసగా అయిదు గేములు గ్రాఫ్ ఖాతాలోకి వెళ్ళాయి, సెట్ 6-4తో ముగిసింది.

నువ్వు ఇక్కడే ఆగి, మన మూడో బల్ల మాస్టారులాగా కళ్ళద్దాలు పైకి తోసి, "నేను చెప్పింది ఇదే కదా" అంటావని తెలుసు. కొంచెం ఓపిక పట్టు. రెండో సర్వీస్ మెత్తగా వేస్తే గ్రాఫ్ పక్కకు జరిగి తన ఫోర్‌హ్యాండ్‌తో ఎలా శిక్షించేదో మనం చూడనిదా? నెట్ మీదికి వెళ్ళే మనిషి రెండో సర్వీస్‌ను కూడా గట్టిగానే కొట్టాలి. 6-1 ఇచ్చిన తెగువా, ఆ డబుల్ ఫాల్టులు ఇచ్చిన తెగువా ఒకటే. భయం అసలు లేదని నేననను, ఆ చివరి గేముల్లో ఆమె ముఖం చూస్తుంటే నా అరచేతులు చెమర్చాయి. అయితే భయపడిన మనిషి వెనక్కి, కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ చాటుకు పోతుంది. ఈమె మ్యాచ్ చేజారిపోతున్నా ముందుకే వెళ్ళింది. ఆ తేడాను నువ్వు ఒప్పుకోవాలి.

బహుమతి ప్రదానం దగ్గర మాత్రం నాకు మాట పెగల్లేదు. బహుమతి ఇచ్చే బ్రిటిష్ రాచకుటుంబపు డచెస్ ఆఫ్ కెంట్ ఏదో ఓదార్పుగా అన్నారు. నొవోత్నా నవ్వబోయింది, పెదవులు నిలవలేదు, అలాగే ఆవిడ భుజం మీద తల వాల్చి ఏడ్చేసింది. అంతమంది ఎదుట రాచకుటుంబపు మర్యాదలన్నీ పక్కన పెట్టి ఆవిడ ఆ తలను పొదువుకున్నారు. ఆ ఫొటోయే నొవోత్నా జీవితమంతా అయిపోయిందని నా బాధ.

నీ వైపు సాక్ష్యాన్ని కూడా నేనే ఇస్తాను, దాచను. 1995లో ఫ్రెంచ్ ఓపెన్ మూడో రౌండులో చాందా రూబిన్ మీద చివరి సెట్లో 5-0, 40-0తో ఆధిక్యంలో ఉండి, తొమ్మిది మ్యాచ్ పాయింట్లు జారవిడుచుకుని 8-6తో ఓడింది. 1997లో వింబుల్డన్ ఫైనల్లో పదహారేళ్ళ హింగిస్ మీద మొదటి సెట్ 6-2తో గెలిచి కూడా ఓడింది. ఇన్ని జరిగాక ఎవరైనా ఏం చేస్తారు? ఆట మార్చుకుంటారు, లేదా మానేస్తారు. ఆమె మరుసటి ఏడాది అదే గడ్డి మీదికి, అదే సర్వీస్-వాలీ ఆటతో తిరిగి వచ్చింది. 1998లో క్వార్టర్స్‌లో వీనస్ విలియమ్స్‌ను, సెమీస్‌లో అదే హింగిస్‌ను 6-4, 6-4తో, ఫైనల్లో నథాలీ తోజియాను 6-4, 7-6తో ఓడించింది. ఆ టై-బ్రేక్ స్కోరు 7-2. మళ్ళీ చదువు, 7-2! చేయి వణికే మనిషి ఆడే టై-బ్రేకా అది? విజేతకిచ్చే పళ్ళెం అందించింది మళ్ళీ ఆ డచెస్ గారే. అప్పటికి నొవోత్నాకు ఇరవై తొమ్మిదేళ్ళు నిండి ముప్పై దగ్గర పడుతున్నాయి. మరుసటి ఏడాది ఆట విరమించింది. డబుల్స్‌లోనూ మిక్స్‌డ్‌లోనూ కలిపి పదహారు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచిన చేతులవి, ఆ మాట ఎవరూ ఎత్తరు. మన హాస్టల్ మేడ మీది "పదహారణాల" పందెం నీకు గుర్తుంటే ఇప్పుడు చెల్లించాల్సింది నువ్వే.

ఇంకొక్కటి చెప్పకుండా ముగించలేను. చెక్ దేశంలోని బ్ర్నో ఈమె ఊరు. 2014లో, జూనియర్ ఆట ముగించి ముందు దారి తోచని పద్ధెనిమిదేళ్ళ బార్బోరా క్రెజికోవా తల్లిదండ్రులతో కలిసి ఈమె ఇంటి తలుపు తట్టి, సలహా కోరుతూ ఒక ఉత్తరం చేతికిచ్చింది. నొవోత్నా ఆమెకు శిక్షణ ఇచ్చింది. 2017 నవంబరులో, నలభై తొమ్మిదేళ్ళకే, క్యాన్సర్ నొవోత్నాను తీసుకుపోయింది. చివరి రోజుల్లో శిష్యురాలికి చెప్పింది, ఆటను ఆస్వాదించు, గ్రాండ్‌స్లామ్ గెలవడానికి ప్రయత్నించు అని. 2021లో క్రెజికోవా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. 2024లో వింబుల్డన్ ఫైనల్లో పావొలీనీ మీద మూడో సెట్లో 5-4 వద్ద సర్వీస్ చేస్తూ, ఆ గేమ్ చేజారే బ్రేక్ పాయింట్లు కాచుకుని గెలిచింది. విజేతల పలక మీద తన పేరు నొవోత్నా పేరున్న చోటే చేరిందని చూసి ఏడ్చేసింది. ఆ వీడియో చూస్తూ నేను కూడా... సరే, అది ఎదురుపడినప్పుడు చెప్తాను.

నొవోత్నాకు ఏళ్ళ తరబడి శిక్షకురాలిగా ఉన్న హానా మాండ్లికోవా గురించి కూడా రాయాలని కూర్చున్నాను. 1981లో, 1986లో రెండుసార్లు వింబుల్డన్ ఫైనల్లో ఓడిన మనిషి ఆవిడ. తన శిష్యురాలు అదే మెట్టు దగ్గర ఆగిపోతుంటే ఆవిడకు లోపల ఎలా ఉండేదో అని నేను అనుకుంటూ ఉండగానే తమ్ముడు సంచి సర్దుకుని గుమ్మంలోకి వచ్చాడు. మీ ఊరి రైలుకు ఇక టైము లేదంటున్నాడు, ఈ ఉత్తరం నీకు అందించేది అతనే. 1998 టై-బ్రేక్ చూసి వెంటనే జవాబు రాయి. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

నీ
మిత్రుడు