పార్టు మార్చే ముందు జబ్బేమిటో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటూ చంద్రగిరి దగ్గర ఒక ప్రభుత్వ బడిలో పనిచేస్తున్న టీచర్ని. 2008లో మా నాన్న కొన్న వ్యాగనార్, ఏపీ 03 నంబరు బండి, ఇప్పటికీ రోజూ నడుపుతున్నాను. ఈ ఏడాది దాంతో నేను పడ్డ అవస్థ నాలాగా పాత కారు మీద ఆధారపడ్డ వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేయండి.

ఫిబ్రవరిలో మొదలైంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ ఒక నిమిషం వణికేది, మిస్సింగ్ అంటారే అది, తర్వాత దానంతటదే సర్దుకునేది. సైలెన్సర్లోంచి తెల్లపొగ వచ్చేది, చలికి అలాగే వస్తుందిలే అనుకున్నాను. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలో పది రోజులకోసారి మట్టం తగ్గేది, బండి కింద చూస్తే చుక్క తడి ఉండేది కాదు, సరేనని ఇంట్లో బోరు నీళ్లు పోసేదాన్ని. ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలని నాకప్పుడు తెలీదు. కానీ షెడ్డులో వాళ్లకు తెలియాలి కదా! మూడూ చెప్పాను. పూర్తిగా వినకుండానే స్పార్క్ ప్లగ్గులు మార్చారు. వారం తర్వాత మళ్లీ వెళితే ఇగ్నిషన్ కాయిల్ అన్నారు, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు. మూడు సార్లకు కలిపి 9,300 రూపాయలు, బిల్లంటే చిన్న చీటీ మీద మొత్తం ఒక్కటే అంకె. పాత పార్టులు ఇవ్వమంటే "పారేసినాం మేడమ్, వాటితో మీకేం పని" అన్నారు. మిస్సింగ్ మాత్రం అలాగే ఉంది.

మేలో పీలేరులో బంధువుల గృహప్రవేశానికి అమ్మను ఎక్కించుకుని బయల్దేరాను. భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే ఏసీలోంచి వేడి గాలి రావడం మొదలైంది, చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గర ఉంది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. బానెట్ ఎత్తగానే బుస్సుమని ఆవిరి. అమ్మ పాపం నీళ్ల బాటిల్ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే ఆ చెయ్యి పట్టుకుని లాగేశాను. దయచేసి ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో వేయండి: ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి, మూత వదులైతే చాలు, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. పూర్తిగా చల్లారేదాకా కూర్చోవడమే, ముహూర్తం దాటిపోయినా సరే. మాకు దాటిపోయింది.

బండిని లాగించుకుని అదే షెడ్డుకు తెస్తే, బానెట్ కూడా ఎత్తకుండా "ఇంజిన్ బోరుకొచ్చింది మేడమ్, దింపాల్సిందే, 45,000 అవుతుంది" అన్నారు, అంటే ఇంజిన్ లోపల అరిగిపోయిందని. ఆ రాత్రి నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మా స్కూల్లో ఒక సార్ చెబితే వేరే మెకానిక్ దగ్గరికి పంపాను, ఆయన వయసులో పెద్దాయన, చిన్న షెడ్డు. మొదట ఏ స్పానరూ పట్టుకోలేదు. పది నిమిషాలు అడిగిందల్లా వివరాలే: మిస్సింగ్ చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, పొగ ఏ రంగు, ఎంతసేపు, నీళ్లు ఎన్నాళ్లకు తగ్గుతున్నాయి. బండిని రాత్రి అక్కడే పెట్టుకుని పొద్దున స్టార్ట్ చేయకముందే నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక గుడ్డ మీద వరసగా పెట్టి నన్ను పిలిచారు. మూడు ప్లగ్గుల కొనలు లేత ఇటుక రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది, అంటే ఇంజిన్‌లో పెట్రోలు మండే మూడో గదిది మాత్రం కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా ఉంది. "చూడమ్మా, రాత్రంతా దీంట్లోకి నీళ్లు దిగతా ఉండాయి, అందుకే పొద్దున వణుకుతోంది. ఇంజిన్‌కేం కాలేదు, హెడ్ గ్యాస్కెట్ పోయిండాది" అన్నారు. ఇంజిన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య నీళ్లు లోపలికి దిగకుండా ఉండే పలుచటి రేకు అది. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ మీటర్ పెట్టి చూపించారు, మూడో దాంట్లో తక్కువ, మిగతావి బాగున్నాయి.

హెడ్ విప్పితే గ్యాస్కెట్ మీద కందిగింజంత మేర నల్లగా తినేసి ఉంది. అసలు మూలం ఇంకోటి, రేడియేటర్ ఫ్యాన్ మోటారు తిరగడం లేదు, ఎన్నాళ్లుగానో! దానికి తోడు నేను పోసిన బోరు నీళ్లకు రేడియేటర్ లోపల ఉప్పు పేరుకుపోయింది. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. హెడ్ అడుగును లేత్‌లో చదును చేయించి (ఫేసింగ్ అంటారు), గ్యాస్కెట్, ఫ్యాన్ మోటారు, కూలెంట్, ఆయిల్ మార్చి, కూలీతో సహా 12,600 తీసుకున్నారు. విప్పిన పార్టులన్నీ కవర్లో వేసి చేతికిచ్చారు.

అప్పట్నుంచి తెలుసుకున్నవి కొన్ని చెబుతాను. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూపించాలి. నీలిపొగ అయితే ఆయిల్ మండుతోంది, పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉండొచ్చు, నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. వారానికోసారి ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్ స్టిక్, తీసి చూడటానికి రెండు నిమిషాలు చాలు, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే బండి కదిలించొద్దు. డాష్ బోర్డు మీద ఎర్రగా ఆయిల్ లైటు వెలిగితే అక్కడికక్కడే ఆపేయాలి, ఇంటిదాకా పోదాంలే అంటే ఇంజిన్ సీజ్ అవుతుంది, అంటే బిగుసుకుపోతుంది.

షెడ్డు వాళ్లందరూ మోసగాళ్లని నేననడం లేదు, ఆ పెద్దాయనదీ షెడ్డే. కానీ పరీక్ష చేయకుండా పార్టు మార్చడం, అది తప్పని తేలితే ఇంకో పార్టు, దాని ఖర్చూ మన మీదే, ఇది అలవాటైపోయింది. ఆడవాళ్లం వెళితే మరీనూ, బండి మనది, డబ్బు మనది, మాట్లాడేది మాత్రం పక్కనున్న మగవాళ్లతో. పని మొదలుపెట్టకముందే ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి, పాత పార్టులు ఇవ్వాలని ముందే చెప్పండి, పార్టుకెంత కూలీకెంత అని విడివిడిగా బిల్లు అడగండి. రిపేరు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. పని సరిగా చేయకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు. నేను చేశాను. కానీ చీటీ మీద షెడ్డు పేరు కూడా లేకపోవడంతో ఏం జరిగిందో నిరూపించడమే కష్టంగా ఉంది.

రవాణా శాఖ వారికి ఒక మనవి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు 2022 ఏప్రిల్ ముందు 600 రూపాయలుండే ఫీజు అప్పట్నుంచి 5,000 అయింది, 2023లో నేనూ కట్టాను. కొత్త కారు కొనే స్తోమత లేకనే కడుతున్నాం. అంత తీసుకుంటున్నప్పుడు రిపేరు షెడ్లన్నీ పేరు, తేదీ, వివరాలతో బిల్లు ఇచ్చేలా చూడండి. అలాగే వేసవి సెలవుల్లో అలిపిరి దగ్గర, పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లల చేత కొండెక్కే పాత బండ్లకు కూలెంట్, ఫ్యాన్, ఆయిల్ ఉచితంగా చూపిస్తే బాగుంటుంది. ఒక్కో బండికి ఐదు నిమిషాల పని. పిల్లలకు చదువుకున్నది చేతికొస్తుంది, ముసలివాళ్లతో, పసిబిడ్డలతో వచ్చేవాళ్లకు ఘాట్ రోడ్డులో బానెట్ ఎత్తి ఎండలో నిలబడే గతి తప్పుతుంది. మా బడికి సెలవులే కాబట్టి, పేర్లు రాసుకోవడానికీ బండ్లను వరసలో నిలపడానికీ నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని, తిరుపతి