లైబ్రరీలో పాచికల ఆట: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

త్రైమాసిక పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, సంతకం పెట్టి పంపండి. ఫీజు రెండో విడత గడువు కూడా అక్కడే ఉంది. ఇక పది రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న విషయానికి వస్తాను.

"స్కూల్లో పాచికలాడిస్తున్నారట." "రాక్షసుల ఆటట." "లైబ్రరీలో కేకలట, ఒక పాప ఏడుస్తూ ఇంటికొచ్చిందట." అన్నీ నిజమే. పందెం మాత్రం లేదు.

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన ఆటల కోవలోది ఇది. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, కోట, దొంగ, దెయ్యం, అన్నీ తనే చెప్పాలి. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. "నేను గోడ దూకుతా" అంటే దూకగలిగాడా లేదా అన్నది 20 ముఖాల పాచిక తేలుస్తుంది.

ఏడ్చిన పాప మా తొమ్మిదో తరగతి గేమ్ మాస్టర్. మొదటి వారం 40 పేజీల కథతో వచ్చింది. ఊళ్లో గుడి నగలు పోయాయి, ఏరు దాటితే కోట, కోటలో 11 గదులు, ఎవరు ఏ మాట అంటారో కూడా రాసి ఉంది. పది నిమిషాలకే ఏడో తరగతి బాబు ఒకడు పడవ ఎక్కడం మానేసి, "మామా, నీ పేరేంటి? పిల్లలెంతమంది?" అని పడవవాణ్ణి అడిగాడు. 40 పేజీల్లో పడవవాడికి పేరే లేదు! పాప కాగితాలు అటూ ఇటూ తిప్పుతుంటే మిగతావాళ్లు పడవ కొనుక్కుని దిగువకు పోదామన్నారు. "కుదరదు, మీరు కోటకే వెళ్లాలి" అంది. ఇంకో దారి వెతికితే దానికీ తాళం వేసింది. గంటయ్యేసరికి అందరూ నోట్‌బుక్‌ల వెనక బొమ్మలు గీసుకుంటున్నారు.

రెండో వారం ఉక్రోషంతో వట్టి చేతులతో వచ్చింది. అది మరీ ఘోరం. కథలో ముందు వారం ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచిన కరణం ఈ వారం గోడ దూకి పారిపోయాడు. "ఎలా దూకాడు?" అని ఒకరు, "మేం వెతికిందంతా వేస్టేనా?" అని ఇంకొకరు. మీరు విన్న కేకలు అవే, ఏడుపూ అప్పుడే.

మొన్న మూడో వారం ఒక్క కాగితంతో వచ్చింది. అడిగి తీసుకుని చదివాను. కరణానికి ఏం కావాలి, ఎవరూ అడ్డుపడకపోతే అమావాస్య నాటికి ఏం చేస్తాడు. అతనే దొంగని తెలియడానికి మూడు దారులు: తడిసిన చెప్పు, దిద్దిన లెక్కల పుస్తకం, ఆ రాత్రి మేకలు తోలుకెళ్లిన పిల్లాడు. ఒకటి తప్పితే ఇంకోటి దొరుకుతుంది. అంచున 12 పేర్లు, ఇంకా ఎవరికీ పెట్టనివి. ఎవరైనా కొత్త మనిషిని పలకరిస్తే ఒక పేరు పెట్టేసి, పక్కనే "పోలయ్య, బెల్లం వ్యాపారి, నత్తి" అని రాసుకుంటోంది, వచ్చే వారం మారిపోకుండా. లేచే ముందు "వచ్చే శనివారం ఎటు వెళ్తారు?" అని అడిగి, అటువైపు మాత్రమే సిద్ధం చేసుకుంటుంది.

22 ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, ఆ కాగితం చూస్తే నాకు అవధానం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? సభలో అడిగినవాటికి అప్పటికప్పుడు పద్యాలు చెప్పే విద్య అది, తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చారు. అవధాని పద్యం జేబులో పెట్టుకుని రాలేడు. నిషిద్ధాక్షరిలో ఆయన ఒక అక్షరం అనగానే తర్వాత ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు, అంటే ప్రశ్నలడిగే ఆయన, చెప్పేస్తాడు, కట్టుకొచ్చిన పద్యమైతే అక్కడే కూలిపోతుంది. మధ్యలో ధ్యాస మళ్లించడానికే కూర్చున్న అప్రస్తుత ప్రసంగి "ఇవాళ మీ ఇంట్లో కూరేంటండీ?" అంటాడు (మా ఏడో తరగతి బాబు అచ్చం ఆయనే). అయినా అవధాని తడబడడంటే గణాలూ యతిప్రాసలూ పురాణాలూ ఏళ్ల తరబడి నోట్లో నాని ఉన్నాయి కాబట్టి. చివర ధారణలో అన్ని పద్యాలూ తిరిగి అప్పజెప్పాలి కూడా. మా అమ్మాయి కరణం కాలు మర్చిపోయింది సరిగ్గా అక్కడే.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. క్లాసులో హాజరు పలకడం తప్ప నోరు విప్పని ఎనిమిదో తరగతి అబ్బాయి, మొన్న కరణంతో తొమ్మిది నిమిషాలు బేరమాడాడు. గేమ్ మాస్టర్ పాచిక చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టేసింది. "వేయక్కర్లేదు, ఒప్పించేశావు" అంది. అది ఏ కాగితంలోనూ లేదు.

ఇక ఆ 40 పేజీలు. వాటిలో 31 పాప రాసినవి కావు. టైపు చేసి, స్పైరల్ బైండింగ్ చేయించి, రంగుల మ్యాపు కూడా జతచేసిన నాన్నగారికి నమస్కారాలు. ప్రేమతోనే చేశారని తెలుసు. ప్రాజెక్టులకి థర్మోకోల్ కోసిపెట్టే అమ్మలకూ, పదో తరగతి పిల్లాడి బ్యాగు సర్దే నాన్నలకూ, మర్చిపోయిన లెక్కల నోట్‌బుక్‌తో పదిన్నరకి గేటు దగ్గర నిలబడే తాతయ్యలకూ అదే మాట. ఆ పీరియడ్ ఎలా గట్టెక్కాలా అని పిల్లాడు ఆలోచించేలోపే మీరు వచ్చేస్తున్నారు. సోమవారం నుంచి వాచ్‌మన్ నోట్‌బుక్‌లు తీసుకోడు. మందులు, కళ్లద్దాలు తీసుకుంటాడు, టెన్షన్ పడకండి.

అనుమానం తీరనివాళ్లు ఈ శనివారం రెండున్నరకి లైబ్రరీకి రండి. వెనక నాలుగు కుర్చీలు వేయిస్తాను. పక్కనుంచి అందించకూడదు. ఆ రోజు బస్సులు నాలుగున్నరకి బయలుదేరతాయి. కథలో ఈ వారం అమావాస్య, పిల్లలింకా పడవలోనే ఉన్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు